చర్చి ఖాళీ స్థలంలో ఇళ్లు కట్టండి, కానీ ఆ స్థలాన్ని వదులుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అద్దెలు జీతాల్ని మింగేస్తున్నాయని పేపర్లో చదవని వారం ఉండట్లేదు, అందుకే ఇది రాయాలనిపించింది. అమెరికా, ఇంగ్లండ్, కెనడా లాంటి చోట్ల చర్చిలు తమ దగ్గర ఖాళీగా పడున్న స్థలాల్లో తక్కువ అద్దె ఇళ్లు కట్టిస్తున్నాయి, కొన్నిచోట్ల అయితే రోడ్డు మీద బతికినవాళ్లకి, మానసిక జబ్బుతో ఇబ్బంది పడేవాళ్లకి, ఎవరూ లేని ముసలివాళ్లకి ఇంటితో పాటు కనిపెట్టుకునుండే మనిషిని కూడా ఏర్పాటు చేస్తున్నారు. ఈ మాట ఎక్కడ ఎత్తినా రెండు జవాబులొస్తాయి. ఒకాయన "ఇదీ అసలు పరిచర్య అంటే" అంటాడు, ఇంకొకాయన "దేవుడి స్థలంలో రియల్ ఎస్టేట్ ఏంటండీ" అంటాడు. ఇద్దరూ స్థలం దగ్గరే ఆగిపోతున్నారు, నాకు నచ్చనిది అదే.

ఎందుకంటే స్థలం ఇవ్వడం ఈ పనిలో తేలిక భాగం. అసలు కష్టం తాళాలు చేతికిచ్చాక మొదలవుతుంది. ఆ ఇళ్లు రాబోయే యాభై ఏళ్లు తక్కువ అద్దెకే ఉండేట్టు చూసేది ఎవరు, అందులో తోడు కావాల్సినవాళ్లకి తోడుండే మనిషి జీతం ఎవరిస్తారు, ఈ రెండు ప్రశ్నలకి శంకుస్థాపన కంటే ముందే కాగితం మీద జవాబు లేకపోతే ఆ చర్చి ఆ పని మొదలెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఖాళీ స్థలం ఇంకో పదేళ్లు ఖాళీగా ఉన్నా ఎవరికీ కొత్తగా నష్టం లేదు, కానీ ఇల్లిచ్చి మళ్లీ రోడ్డు మీదకి పంపితే ఆ మనిషికి జరిగే నష్టం వేరే.

ముందు ఇంత స్థలం చర్చిలకి ఎక్కడిది అని అడిగేవాళ్లకి చెప్తాను. పాతరోజుల్లో దాతలు రాసిచ్చినవి, మూతపడ్డ స్కూల్ బిల్డింగులు, ఎవరూ ఉండని పాస్టర్ క్వార్టర్సు, అన్నిటికంటే ఎక్కువగా పార్కింగ్ స్థలాలు. ఆదివారం ఓ మూడు గంటలు నిండి మిగతా వారమంతా ఖాళీగా ఎండకి ఎండుతుంటాయి, పైగా ఆరాధనకొచ్చేవాళ్లు తగ్గిపోయాక ఆ ఆదివారం కూడా నిండట్లేదు. ఇంగ్లండ్‌లో గ్లీబ్ అని ఇంకో రకం భూమి ఉంది, అంటే ఊరి పాస్టర్ జీవనానికని ఎప్పుడో కేటాయించిన పొలం, 1978లో అది స్థానిక పాస్టర్ల చేతిలోంచి డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) ఫైనాన్స్ బోర్డుల చేతికి మారింది. 2021లో కాంటర్‌బరీ, యార్క్ ఆర్చిబిషప్పుల హౌసింగ్ కమిషన్ ఒక రిపోర్టు ఇచ్చింది, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంస్థలన్నీ కలిపి దాదాపు 2 లక్షల ఎకరాలు ఉన్నాయని అందులో లెక్క. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ టెర్నర్ సెంటర్ 2023లో వేసిన లెక్క ప్రకారం మత సంస్థలు, లాభాపేక్ష లేని కాలేజీల దగ్గర కలిపి ఇళ్లు కట్టడానికి పనికొచ్చే భూమి దాదాపు 1,71,000 ఎకరాలు. లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి కానీ ఇందులో ఎంతో భాగం ముక్కలు ముక్కలుగా, కొంత సమాధుల తోటల పక్కన, కొంత రోడ్డు కూడా లేనిచోట ఉంటుంది, కాబట్టి ఎకరాలు చూసి ఇళ్లు లెక్కపెట్టడం కుదరదు.

ఇప్పుడు అసలు విషయం. అఫర్డబుల్ హౌసింగ్, సపోర్టెడ్ హౌసింగ్ అని రెండూ కలిపి ఒకే ఊపులో అనేస్తుంటారు, కమిటీ మీటింగుల్లో కూడా అంతే, కానీ రెండూ వేరు వేరు బాధ్యతలు. మొదటిది అద్దెకి సంబంధించింది, అద్దె ఇంటి ఆదాయంలో మూడో వంతుకి అటూ ఇటూగా దాటకుండా చూడటం. నర్సు, డ్రైవరు, స్కూల్లో ఆయా, వీళ్లకి కావాల్సింది అది, ఇల్లు దొరికితే చాలు మిగతా బతుకు వాళ్లే చూసుకుంటారు, ఎవరూ వచ్చి తలుపు కొట్టి బాగున్నారా అని అడగక్కర్లేదు. రెండోది అలా కాదు. ఏళ్ల తరబడి రోడ్డు మీద పడుకున్న మనిషికి నాలుగు గోడలు ఇస్తే సరిపోదు, మందులు వేళకి వేసుకునేలా చూడటం, పెన్షన్ కాగితాలు నింపడం, అద్దె కట్టడం మర్చిపోతే గుర్తుచెయ్యడం, రాత్రి రెండింటికి భయమేస్తే ఫోన్ ఎత్తడం, ఇవన్నీ చేసే మనిషి కావాలి, అదీ ట్రైనింగ్ ఉన్న మనిషి, జీతం తీసుకునే మనిషి. ప్రార్థన చేసే ఆంటీలు, గిటార్ వాయించే యూత్ తమ్ముళ్లు మంచివాళ్లే, నేను కాదనట్లేదు, కానీ స్కిజోఫ్రీనియా ఉన్నాయన మూడ్రోజులుగా తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలో వాళ్లకి తెలీదు, తెలియాలని ఆశించడం కూడా తప్పే.

ఇల్లు ప్లస్ తోడు అనే పద్ధతి పనిచేస్తుందా అంటే చేస్తుంది, దీనికి గట్టి రుజువే ఉంది. కెనడాలో 2009లో మొదలెట్టి వాంకూవర్, విన్నిపెగ్, టొరంటో, మాంట్రియల్, మాంక్టన్ ఈ అయిదు సిటీల్లో ఇల్లు లేని, మానసిక జబ్బున్న దాదాపు 2,000 మందితో ఒక పెద్ద ట్రయల్ చేశారు, పేరు ఎట్ హోమ్. ముందు తాగుడు మానెయ్, ముందు ట్రీట్‌మెంట్ పూర్తి చెయ్ అని షరతులేం పెట్టకుండా ముందు ఇల్లిచ్చి ఆ తర్వాత తోడుగా టీమ్‌ని పెట్టారు. చివరి ఆరు నెలలు చూస్తే ఇలా ఇచ్చినవాళ్లలో 62 శాతం మంది ఆ మొత్తం కాలం సొంత ఇంట్లోనే నిలకడగా ఉన్నారు, మామూలు సర్వీసులకి వదిలేసినవాళ్లలో అలా ఉన్నది 31 శాతమే. సరిగ్గా రెట్టింపు. అయితే ఇది చదివి "చూశారా ఇల్లిస్తే చాలు" అనుకునేవాళ్లు ఉన్నారు, అది సగం చదవడం. అక్కడ ప్రతి మనిషి వెనక ఒక టీమ్ ఉంది, అవసరం ఎక్కువున్నవాళ్లకి డాక్టరు, నర్సు కూడా ఉన్న టీమ్. దాన్ని తీసేస్తే ఆ 62 శాతం ఎక్కడిది?

తోడు పేరు చెప్పి డబ్బులు తినడం కూడా జరిగింది, అదీ చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఒక రూల్ ఉంది, ఇంటితో పాటు కొద్దో గొప్పో సంరక్షణ ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థలకి మామూలు పరిమితి దాటి ప్రభుత్వం హౌసింగ్ బెనిఫిట్, అంటే అద్దె సాయం ఇస్తుంది, దీన్ని అక్కడ ఎగ్జెంప్ట్ అకామడేషన్ అంటారు. దీని చుట్టూ పెద్ద దందా తయారైంది, గదులు నింపేసి వారానికోసారి ఎవరో తొంగిచూసి "ఓకేనా" అనడమే సపోర్ట్ అన్నట్టు. 2022 అక్టోబర్‌లో పార్లమెంట్ కమిటీ దీన్ని తూర్పారబట్టింది, 2023లో సపోర్టెడ్ హౌసింగ్ మీద పర్యవేక్షణకి ప్రత్యేకంగా చట్టమే తేవాల్సొచ్చింది. చర్చిలు ఇలాంటి సంస్థలకి తెలియక స్థలం అప్పజెప్పే ప్రమాదం ఉంది, ఎందుకంటే అవి మాటలు చాలా తియ్యగా మాట్లాడతాయి, ప్రెజెంటేషన్‌లో ఫొటోలన్నీ నవ్వుతుంటాయి. అడగాల్సింది ఒక్కటే, ఇప్పుడు మీరు నడుపుతున్న ఇళ్లలో ఒక వర్కర్ ఎంతమందిని చూసుకుంటున్నారు, ఆ వర్కర్‌తో మేం మాట్లాడొచ్చా. దానికి నసిగితే అక్కడితో టీ ఇచ్చి పంపించెయ్యాలి.

ఇంక భూమి సంగతి. నా మాట ఏంటంటే వీలైనంత వరకు అమ్మకండి, లీజుకివ్వండి. చర్చికి పైకప్పు కారుతుంటుంది, పాస్టర్ గారి జీతం బాకీ ఉంటుంది, బిల్డర్ వచ్చి ఒక్కసారిగా పెద్ద మొత్తం చూపిస్తాడు, అమ్మేద్దాం అని సంఘ పెద్దల్లో సగం మంది అప్పుడే తలూపేస్తారు. డబ్బు మూడేళ్లలో అయిపోతుంది, స్థలం ఇక తిరిగి రాదు, ఇంకో పాతికేళ్లకి ఆ బిల్డింగ్ లగ్జరీ ఫ్లాట్లు అయితే అడిగే హక్కు కూడా ఉండదు. యాభై ఏళ్లకోసారి భూమి మళ్లీ అసలు కుటుంబానికి చేరాలనే బైబిల్లోని జూబిలీ లెక్క చర్చి మనుషులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటా. గ్రౌండ్ లీజు అంటే అదే దారిలో ఉంటుంది, భూమి చర్చిదే, దాని మీద బిల్డింగ్ హౌసింగ్ సంస్థది, 55 నుంచి 99 ఏళ్ల దాకా నామమాత్రపు లీజు, అద్దె ఎంతకి మించకూడదో, ఎవరికి ఇవ్వాలో లీజులోనే రాసుంటుంది, మాట తప్పితే నిలదీసే కాగితం చర్చి చేతిలో ఉంటుంది. అప్పులిచ్చే బ్యాంకులు లీజు గడువు తమ లోన్ గడువు కంటే బాగా ఎక్కువ ఉండాలంటాయి, అందుకే ఇరవై ఏళ్ల లీజు, ముప్పై ఏళ్ల లీజు అంటే పని జరగదు.

గవర్నమెంట్ రూలే కాపాడుతుందిలే అనుకునేవాళ్లు రూల్ గడువు కూడా చూసుకోవాలి. అమెరికాలో తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకి ఎక్కువ డబ్బు వచ్చేది 1986లో పెట్టిన ట్యాక్స్ క్రెడిట్ (పన్ను రాయితీ) పథకం ద్వారా, దాని కింద ఫెడరల్ చట్టం అడిగేది మామూలుగా 30 ఏళ్లే, అందులోనూ 15 ఏళ్లయ్యాక తప్పించుకునే సందులు ఉన్నాయి. కాలిఫోర్నియాలో చర్చి భూముల్లో తక్కువ ధర ఇళ్లు కట్టనిచ్చే చట్టం, ఎస్‌బి 4 అంటారు, 2023లో గవర్నర్ సంతకం పెట్టాడు, 2024 జనవరి నుంచి అమల్లోకొచ్చింది, అది అద్దె ఇళ్లయితే 55 ఏళ్లు, సొంతానికి అమ్మే ఇళ్లయితే 45 ఏళ్లు తక్కువ ధరలోనే ఉండాలంది. మంచిదే. కానీ 56వ ఏడు ఏంటి? భూమి చర్చిదైతే ఆ రోజు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు, కాకపోతే అడగను కూడా అడగలేరు. జర్మనీ ఆగ్స్‌బర్గ్‌లో ఫుగ్గరై అని ఒక వాడ ఉంది, 1500ల మొదట్లో యాకోబ్ ఫుగ్గర్ అనే షావుకారు పేదల కోసం కట్టించాడు, ఇప్పటికీ మూల అద్దె ఏడాదికి 88 సెంట్లే, అంటే ఒక యూరో కూడా కాదు. అయిదొందల ఏళ్లు అద్దె పెరగకుండా ఉండటానికి కారణం ఆ ఆస్తి ఫౌండేషన్ చేతిలోంచి ఎప్పుడూ జారిపోకపోవడం. (అక్కడ ఉండేవాళ్లు కేథలిక్కులై ఉండాలి, దాత కోసం రోజుకి మూడు ప్రార్థనలు చెయ్యాలి, ఆ షరతు నాకు నచ్చదు, దాని సంగతి కింద చెప్తా.)

అమ్మి కూడా మంచి పని చేసిన చర్చి లేకపోలేదు, నా మాటకి ఎదురు నేనే చూపిస్తాను. వర్జీనియా ఆర్లింగ్టన్‌లో ఆర్లింగ్టన్ ప్రెస్బిటీరియన్ చర్చి అని, సంఘం చిన్నదైపోయింది, వాళ్లు తమ చుట్టుపక్కల మనుషుల్ని పలకరించి మీకేం కావాలి అని అడుగుతూ పోతే అందరూ చెప్పింది ఒకటే, ఇక్కడ పని చేస్తాం కానీ ఇక్కడ ఉండే స్తోమత లేదు అని. చివరికి చర్చి బిల్డింగే పడగొట్టడానికి ఒప్పుకుని స్థలాన్ని లాభాపేక్ష లేని హౌసింగ్ సంస్థకి అమ్మారు, 2019లో గిలియమ్ ప్లేస్ పేరుతో 173 తక్కువ అద్దె ఇళ్లు తెరిచారు, సంఘం తిరిగొచ్చి కింది ఫ్లోర్‌లో అద్దెకుంటోంది. చర్చి తన పాత స్థలంలో తానే అద్దెకుండటం, వినడానికి అదోలా ఉంటుంది కానీ నాకు ఇందులో ఏ అవమానమూ కనపడదు. ఇది నడిచిందంటే కొన్న సంస్థ ఎలాంటిదో వాళ్లు చూసుకుని అమ్మారు కాబట్టి, ఎక్కువ ధర పలికినవాడికి కాదు.

కానీ తక్కువకి అమ్మాలన్నా, ఊరికే లీజుకివ్వాలన్నా అది ట్రస్టీల ఇష్టం ఒక్కటే కాదు, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఇంగ్లండ్‌లో ఛారిటీ ట్రస్టీలు ఆస్తి అమ్మేటప్పుడు మామూలుగా సాధ్యమైనంత మంచి షరతులే తీసుకోవాలని చట్టం, చవగ్గా ఇవ్వాలంటే అది తమ ఛారిటీ లక్ష్యంలో భాగమేనని చూపించాలి, లాయర్ సలహా లేకుండా దిగితే ట్రస్టీలే ఇరుక్కుంటారు. అమెరికా ప్రెస్బిటీరియన్లలో అయితే ఆరాధనకి వాడే ఆస్తిని లీజుకివ్వాలన్నా, మిగతాది 5 ఏళ్లు దాటి లీజుకివ్వాలన్నా ప్రెస్బిటరీ, అంటే ఆ ప్రాంతం చర్చిలన్నిటి మీద ఉండే పై సభ, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కేథలిక్కుల్లో ఒక మొత్తం దాటితే బిషప్ గారు ఒక్కరే తేల్చలేరు, ఫైనాన్స్ కౌన్సిల్ కూడా ఒప్పుకోవాలి, మరీ పెద్దదైతే వాటికన్ దాకా వెళ్తుంది. వీటన్నిటికంటే ముందు బీరువాలోంచి పాత దస్తావేజు తీసి చదవాలి. ఎప్పుడో రాసిచ్చిన దాత "ఆరాధనకి తప్ప వేరే దేనికి వాడినా నా వారసులకి తిరిగి పోవాలి" అని రాసుంటే ఆర్కిటెక్ట్‌కి ఇచ్చిన ఫీజు మొత్తం గంగలో కలిసినట్టే.

పొరుగువాళ్ల గొడవ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే దీని మీద ఇప్పటికే అందరూ ఎక్కువ మాట్లాడతారు. ఆర్లింగ్టన్‌లోనే క్లారెండన్ ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి తన స్థలంలో 116 ఫ్లాట్లు, అందులో 70 తక్కువ అద్దెవి, చర్చితో సహా ఒకే బిల్డింగులో కడతామంటే పొరుగువాళ్లు కోర్టుకెళ్లారు, గవర్నమెంట్ డబ్బుతో చర్చి కట్టిస్తున్నారని కేసు. 2010లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు ఆ కేసు కొట్టేసింది, కానీ అప్పటికి ఎన్ని ఏళ్లు పోయాయో, లాయర్ల ఫీజులు ఎంతో. కాలిఫోర్నియా ఇలాంటివి తగ్గించడానికే ఎస్‌బి 4లో రూల్స్ ప్రకారం ఉన్న ప్రాజెక్టుకి పబ్లిక్ హియరింగులు లేకుండా పర్మిషన్ వచ్చేట్టు చేసింది, అంతకుముందే 2020లో చర్చి పార్కింగ్ స్థలంలో ఇళ్లు కడితే ఉన్న పార్కింగులో సగం దాకా తీసేసినా దానికి బదులు వేరే చూపించక్కర్లేదని ఇంకో చట్టం తెచ్చింది. నాకు ఈ చట్టాలు నచ్చాయి. అయినా పొరుగువాళ్లందరూ స్వార్థపరులని కొట్టిపారెయ్యడం కూడా సరికాదు. ఆదివారం కార్లు ఎక్కడ పెడతారు, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆఫీస్‌లో మనిషి ఉంటాడా ఉండడా, ఇవి న్యాయమైన ప్రశ్నలే, లోపల ఉండబోయేవాళ్లు కూడా అవే అడుగుతారు. "అలాంటివాళ్లు మా వీధిలోకా" అనేది మాత్రం ప్రశ్న కాదు, దానికి జవాబు చెప్తూ కూర్చోవాల్సిన పని లేదు.

ఇక చర్చి వైపు నుంచి జరిగే తప్పు ఒకటి ఉంది, దీని గురించి చర్చి మనుషులు మాట్లాడటానికి మొహమాటపడతారు. పాస్టర్ గారే ఇంటి ఓనర్ అవ్వడం. ఆలోచించండి, అద్దె మూడు నెలలు బాకీ పడింది, కొడుకు మళ్లీ తాగుడు మొదలెట్టాడు, ఆ తల్లి తన బాధ ఎవరికి చెప్పుకోవాలి, పాస్టర్ గారికే కదా, కానీ ఖాళీ చెయ్యమని నోటీసు పంపేది కూడా ఆయనే అయితే ఆవిడ నోరు విప్పుతుందా? అద్దె వసూలు చేసే చెయ్యి, తల నిమిరే చెయ్యి ఒకటే కాకూడదు. సపోర్టెడ్ హౌసింగ్‌లో అనుభవం ఉన్నవాళ్లు ఇంటి మేనేజ్‌మెంట్ ఒకరు, తోడు సర్వీసు ఇంకొకరు చూడాలని ఎప్పట్నుంచో చెప్తున్నది ఇందుకే, సర్వీసు వద్దన్నా ఇల్లు పోకూడదు, అద్దె గొడవ వచ్చినా సర్వీసు ఆగకూడదు. అందుకని చర్చి భూమి యజమానిగా వెనకుంటే చాలు, ఇళ్లు నడిపేది రిజిస్టర్డ్ హౌసింగ్ సంస్థ, తోడుండేది వేరే సంస్థ.

అలాగే ప్రార్థన షరతు. ఆదివారం రావాలి, బైబిల్ స్టడీకి కూర్చోవాలి అనే షరతుతో ఇల్లివ్వడం నాకు అస్సలు ఇష్టం లేదు. అమెరికాలో ఫెడరల్ డబ్బు తీసుకుంటే అలా షరతు పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు, పైగా అద్దె కోసం "ఆమేన్" అనిపించుకోవడం వల్ల సంఘానికి ఒరిగేదేంటి? కొంతమంది విశ్వాసులు దీనికి బాధపడతారు, మా కానుకలతో కొన్న స్థలంలో మా పేరు కూడా లేకుండానా అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ పేరు కావాలంటే గేటు మీద రాసుకోండి, అద్దె ఒప్పందంలో వద్దు.

మరి సంఘం చెయ్యగలిగింది ఏమీ లేదా అంటే ఉంది, చాలా ఉంది. మిన్నెసోటా రాష్ట్రం 2023లో ఒక చట్టం చేసింది, మత సంస్థల స్థలంలో చిన్న చిన్న ఇళ్లు, ఒక్కోటి 400 చదరపు అడుగులకి మించకుండా, ఏళ్ల తరబడి ఇల్లు లేనివాళ్లకీ బాగా తక్కువ ఆదాయం వాళ్లకీ పెట్టొచ్చని, ఇందులో నాకు బాగా నచ్చిన రూల్ ఏంటంటే కనీసం మూడో వంతు ఇళ్లలో ఇందుకోసమే వచ్చి కాపురముండే వలంటీర్లు ఉండాలి. అంటే వారానికోసారి వచ్చి బిస్కెట్లు పంచి వెళ్లడం కాదు, పక్కింట్లో ఉండటం, అదే గేటు, అదే వాషింగ్ మెషీన్, అదే చెత్త డబ్బా. జీతం తీసుకునే వర్కర్ చెయ్యలేనిది ఇదొక్కటే, ఆయన సాయంత్రం ఇంటికి వెళ్లిపోతాడు. సంఘాలకి మనుషులున్నారు, ఆ మనుషుల్ని వర్కర్‌కి బదులుగా వాడితే పాడవుతుంది, పొరుగువాళ్లుగా ఉండమంటే అది ఇంకెవ్వరి దగ్గరా దొరకనిది.

చిన్న సంఘాలు దీన్ని చూసి మేం ఎక్కడ చెయ్యగలం అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో కెసిక్ అని టూరిస్టుల ఊరు, హాలిడే హోములు కొనేవాళ్ల వల్ల స్థానికులకి ఇళ్లు అందకుండా పోయాయి, అక్కడివాళ్లు కలిసి ఒక కమ్యూనిటీ హౌసింగ్ ట్రస్ట్ పెట్టుకుని చర్చి స్థలంలో మొదటి విడత కట్టింది 11 ఇళ్లు. పదకొండే. కానీ పదకొండు కుటుంబాలు ఊరు వదిలి వెళ్లక్కర్లేకపోయింది, ట్రస్ట్ తర్వాత ఇంకా కట్టింది. స్థలమే లేని చర్చిలైతే 1980ల్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ తూర్పు వైపు చర్చిలు చేసిన పని చూడాలి, అన్నీ కలిసి వడ్డీ లేని కన్‌స్ట్రక్షన్ నిధి పోగుచేశాయి, సిటీ తన దగ్గరున్న ఖాళీ స్థలాలిచ్చింది, నెహెమ్యా ఇళ్ల పేరుతో రాను రాను వేల కుటుంబాలకి సొంత ఇళ్లయ్యాయి. అక్కడ ఏ ఒక్క చర్చీ ఒంటరిగా చెయ్యగలిగేది కాదు అది.

చివరిగా, ఏ సంఘంలోనైనా ఈ విషయం ఓటుకొస్తే సభ్యులు బిల్డింగ్ బొమ్మ చూసి చెయ్యెత్తకుండా ముందు బడ్జెట్ కాగితం అడగండి. కట్టడానికి గ్రాంట్లు వస్తాయి, ఎందుకంటే రిబ్బన్ కట్ చెయ్యడానికి అందరికీ ఇష్టమే, తోడుండే మనిషి జీతానికి మాత్రం రెండేళ్లకో మూడేళ్లకో ఇచ్చి ఆపేస్తారు. కాబట్టి అడగాల్సింది ఆరో ఏడాది లైన్, అక్కడ వర్కర్ జీతం ఎదురుగా ఏ నిధి పేరు రాసుందో చూడండి. "అప్పటికి దేవుడే చూసుకుంటాడు" అని ఎవరైనా అంటే ఆ రోజుకి ఓటింగ్ వాయిదా వెయ్యమనండి, లేదా ఆ ఇళ్లని మామూలు తక్కువ అద్దె ఇళ్లుగానే కట్టి సపోర్టెడ్ అనే మాట బోర్డు మీంచి తీసెయ్యమనండి, అది కూడా మంచి పనే, చెప్పింది చేసినట్టు ఉంటుంది.

ఇట్లు
మీ పాఠకుడు